ఖాళీ నేల మీద బాణం

మూడు దాటి నాలుగు నిమిషాలు. నాలుగింటికి మీటింగు. ఈలోగా ఒక ఫైలు తెరవాలి. తెరవడమంటే బ్రహ్మవిద్యేమీ కాదు, బాణాన్ని దాని మీద పెట్టి రెండుసార్లు నొక్కడమే, రెండు నొక్కుళ్ళ మధ్య అర సెకను దాటకుండా చూసుకుంటే చాలు, ఆ అర సెకను లెక్క కూడా ఒకప్పుడు నేను పెట్టిందే, అయినా మూడేళ్ళుగా నా వేలు ఆ పని చేయనంటోంది. ఎవరైనా నువ్వేం చేస్తుంటావయ్యా అనడిగితే చెప్పుకోవడానికి నాకెప్పుడూ ఇబ్బందే. కంప్యూటరు తెర మీద విండోలు తెరుచుకుంటాయి కదా, ఒకదాని మీద ఒకటి, పక్కపక్కన, సగం కనబడుతూ సగం దాక్కుంటూ. వాటిని మౌసుతో ఎక్కడ పట్టుకుంటే కదలాలి, ఎక్కడ పట్టుకుంటే సాగాలి, నొక్కితే ముందుకు రావాలా, ఊరికే తాకితే చాలా, మూసే గుర్తు పొరపాటున వేలికి తగలకుండా ఎంత ఎడంగా ఉండాలి, ఇవన్నీ తేల్చేది నేనూ, నాలాంటి పదిమందీ. ఇదీ ఒక పనేనా అంటారు. అవును, ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. బాగా చేస్తే ఎవరికీ కనబడదు, చెడగొడితే లోకమంతా తిడుతుంది. మా అక్క నన్ను మేస్త్రీ అని పిలిచేది. ఏరా మేస్త్రీ, ఈ వారం ఏం కూలగొట్టావు అనేది ఫోను ఎత్తగానే. హలో కూడా ఉండేది కాదు.

ఫైలు కావాలన్నది మా కొత్త డిజైనరు. చేరి ఎనిమిది నెలలైంది, ఏం చెప్పినా ఎందుకు అంటుంది, అందుకని ఆఫీసులో అందరం ఎందుకమ్మాయి అంటాం, తనకీ తెలుసు, కోపమేమీ లేదు. పొద్దున కాఫీ కప్పు పట్టుకుని వచ్చి నా బల్ల అంచు మీద కూర్చుంది.

“సార్, మూడేళ్ళ కిందట నేల సంగతి మార్చింది మీరేనా?”

“నేనే.”

“ఎందుకు?”

“అవసరమై.”

“మార్పు కింద కూడా అదే రాశారు సార్, అవసరమై అని ఒక్క ముక్క. ఎవరికి అవసరమైంది? ఏమైనా పరీక్షలు చేశారా? రికార్డింగు ఉంటే నాలుగింటిలోపు పెట్టండి సార్, లేకపోతే నా ప్రతిపాదన గాల్లో దీపమే.”

చూస్తానన్నాను. చూస్తానన్నవాణ్ణి ఉదయం నుంచీ కిటికీలోంచి ఎదురు భవనానికి రంగులు వేస్తున్నవాళ్ళను చూస్తున్నాను. ఇప్పుడు మూడు దాటి ఏడు నిమిషాలు. నేల అంటే మా వాడుకలో విండోలేవీ లేనిచోట కనబడే ఖాళీ తెర. మేం తయారుచేసేదాంట్లో ఒక పద్ధతి ఉంది: బాణం ఏ విండో మీద ఉంటే ఆ విండోయే వింటుంది, మీరు కొట్టిన అక్షరాలు దాంట్లోకే పోతాయి, నొక్కక్కర్లేదు. బాగుంది, మరి బాణం ఏ విండో మీదా కాకుండా ఖాళీ నేల మీద ఉంటే? అప్పుడు కొట్టిన అక్షరాలు ఎవరికి చెందాలి? దీని మీద మేం ఆరునెలలు జుట్లు పట్టుకున్నాం, నవ్వకండి, నిజంగానే ఇద్దరు మాటలు మానేశారు. చివరగా విన్న విండోయే వింటూ ఉండాలని ఒక వర్గం. నేల మీద ఉంటే ఎవరూ వినకూడదు, ఆ అక్షరాలు పోవాల్సిందే అని ఇంకో వర్గం. రెండో వర్గానికి నాయకుణ్ణి నేనే. ఒక్క వాక్యంలో చెప్పలేనిది నియమమే కాదన్నాను, బాణం ఉన్నచోటే చెవి, లేనిచోట చెవి లేదు, అంతే అన్నాను. గెలిచాను. పదకొండేళ్ళు అలాగే నడిచింది. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఎవరితోనూ చెప్పకుండా ఆ నియమాన్ని నేనే తిరగేశాను, బాణం నేల మీదికి జారినా చివరి విండో వింటూనే ఉండేలా. ఇప్పుడు ఎందుకమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి, నేల మీద కొట్టిన అక్షరాలతో వెతుకులాట మొదలవ్వాలంటోంది. తెర మీద వినని చోటంటూ ఉండకూడదు అని రాసింది ప్రతిపాదన మొదట్లోనే. చదివినప్పుడు నాకు బాగా నచ్చింది ఆ మాట.

పక్కబల్ల మీద అక్క కంప్యూటరు వెలుగుతోంది. మేనకోడలు తెచ్చి ఇచ్చింది, మామయ్యా ఇది నీ దగ్గరే ఉండాలి, అమ్మ దీన్ని నీదే అనేది అంటూ. ఆ రోజు నుంచి దాన్ని మార్చలేదు, కొత్త కూర్పు ఎక్కించలేదు, అక్క వదిలిన నాటి పాత నియమాలతోనే ఉంది. దాని మీద బాణం వణుకుతోంది. ఎవరూ ముట్టుకోకుండానే. నాకు కారణం తెలుసు, బల్ల పైభాగం నున్నటి గాజు, మౌసు కింద వెలిగే కన్నుకు గాజు మీద పట్టు దొరకదు, లేని కదలికను చూసినట్టు భ్రమపడుతుంది, బాణం ఒకటి రెండు గళ్ళు, అంటే తెర మీది చుక్కలు, అటూ ఇటూ కొట్టుకుంటుంది. చిన్న కాగితం ముక్క కింద పెడితే ఆగుతుంది. పెట్టాను కూడా. ఆగింది. ఆగిన బాణాన్ని రెండు రోజులు చూసి, మూడో రోజు కాగితం తీసేశాను. అప్పటినుంచి ఈ గదిలోకి ఎవరొచ్చినా ముందు అటు చూసి తర్వాత నా వైపు చూస్తారు. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, అయినా ఒక్కోసారి అటు వీపు పెట్టి కూర్చోలేను.

అక్కది నాకంటే వింత పని. పుస్తకాల చివర పదసూచికలు చేసేది. ఏ మాట ఏ పేజీలో ఉందో అకారాది క్రమంలో పేర్చి ఇవ్వడం. నాలుగొందల పేజీల పుస్తకం చదివి పది పేజీల జాబితా చేసేది, పుస్తకం బాగుందా అని అడిగితే నాకేం తెలుసురా అనేది. ఏది ఎక్కడుందో చెప్పడం వరకే నా పని, అది ఏంటో చెప్పడం నా పని కాదు అనేది. దానికోసం తెర మీద ఎడమవైపు పుస్తకం, కుడివైపు జాబితా పెట్టుకునేది, రోజుకు వెయ్యిసార్లు అటూ ఇటూ. వెళ్ళిన ప్రతిసారీ నొక్కాలా, నా వేలేమైనా వడ్రంగిపిట్టా అని విసుక్కుంది ఒకసారి. తాకితే చాలు మేలుకునే పద్ధతి అలా పుట్టింది. లక్షలమంది వాడుతున్నారు, మొదట అది ఒక్క మనిషి వేలికోసం. చేసిన ప్రతిదీ ముందు ఆవిడ మీదే ప్రయోగించేవాణ్ణి. తెర అంచుల గురించి చెప్పింది నేనే. చూడక్కా, నాలుగు మూలలూ గోడల్లాంటివి, బాణాన్ని మూలకు తోశావంటే ఇంక అది ఎక్కడికీ పోలేదు, నువ్వు ఎంత గట్టిగా తోసినా ఆ చివరి గడిలోనే ఉంటుంది, గురి చూడక్కర్లేదు, గుడ్డిగా తోసినా తగులుతుంది. ఆ మాట ఆమెకెంతో నచ్చింది. ఇదొక్కటి చేశావురా జన్మకి అంది. అది నేను చేసింది కాదక్కా, తెర అక్కడితో అయిపోతుంది అంతే అన్నాను. అయిపోయేచోటు తెలిస్తే చాలదా అంది.

నేల విషయంలో మాత్రం నాతో పోట్లాడింది. గదిలో నలుగురం కూర్చుని మాట్లాడుతుంటే నేను మాటమధ్యలో ఒక్కసారి చూరు వంక చూశాననుకో, అప్పటిదాకా వింటున్నవాళ్ళు చెవులు మూసేసుకుంటారా అంది. నియమం శుభ్రంగా ఉండాలక్కా అన్నాను. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం, నీ శుభ్రం నువ్వూను అంది. ఓడిపోయింది, ఏం చేస్తుంది, మేస్త్రీని నేను కదా. రెండు నెలల తర్వాత ఫోనులో నవ్వుతూ, నీ నేలకు ఒక ఉపయోగం కనిపెట్టానురోయ్ అంది. ఎవరినైనా తిట్టాలనిపిస్తే బాణాన్ని తీసుకెళ్ళి అక్కడ పెట్టి, మనసారా తిట్లన్నీ టైపు చేస్తా, ఎక్కడా పడవు, ఎవరూ చూడరు, కడుపు ఖాళీ అవుతుంది, మీ బావని రోజూ తిడుతున్నా, పాపం ఆయన ఎదురుగానే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు అంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ తర్వాత నేను ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాను. మరిచిపోయాననే చెప్పాలి, ఎందుకంటే ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుర్తురాలేదు, ఇవాళ, ఈ క్షణంలో, పద్నాలుగు నిమిషాలు గడిచాక, ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు.

తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. కుడిచెయ్యి. ఊరికే ఉంటే వణికేది, ఏదైనా పట్టుకుంటే తగ్గేది, అందుకని మౌసును వదిలేది కాదు, కుడిచేత్తో మౌసు పట్టుకునే ఎడమచేతి వేళ్ళతో ఒక్కొక్కటే టైపు చేసేది. నేను చూశాను. మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతిలోంచి బల్ల మీదికి వచ్చేసరికి సగమే ఉండటం చూశాను. చూసి, చూడనట్టు ఉన్నాను, ఆమె కూడా అదే కోరుకుంటోందనుకున్నాను. ఆ ఏడే మేం పెద్ద పరీక్ష పెట్టుకున్నాం: బాణం వచ్చి విండో మీద ఆగాక, అది ఎంతసేపటికి మేలుకోవాలి? వెంటనే మేలుకుంటే దారినపోయే ప్రతి విండో లేచి కూర్చుంటుంది, ఆలస్యమైతే మనిషికి విసుగు. పన్నెండుమంది ఇళ్ళలో కంప్యూటర్లలో రికార్డరు పెట్టాం. అది సెకనుకు పదిసార్లు బాణం ఎక్కడుందో రాసుకుంటుంది, అక్షరం కొట్టినప్పుడల్లా ఎప్పుడు కొట్టారో, ఏ విండోలో కొట్టారో రాసుకుంటుంది. ఏ అక్షరమో మాత్రం రాసుకోదు. అది అక్క పెట్టిన షరతు. నేనేం రాసుకుంటున్నానో నీకు తెలిసిందంటే ఈ మౌసు నీ మొహాన కొడతా అంది. సరేనన్నాను, అందరికీ అదే పద్ధతి పెట్టాను. ఆరో పరీక్షకురాలు మా అక్క అని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, ఇంటిమనిషి అంటే లెక్క చెల్లదంటారని.

పదకొండుమందికి పావు సెకను సరిపోయింది. అక్కకు సరిపోలేదు. బాణం జారి పక్క విండోలో పడేది, పావు సెకనుకే అది మేలుకునేది, ఈమె కొట్టిన మాట దాంట్లోకి పోయేది. ఆమెను కలిపితే సరైన లెక్క అర సెకనుకు పైన వస్తోంది. ఫోను చేసి, అక్కా మౌసు కొంచెం సరిగ్గా పట్టుకో, లెక్క చెడుతోంది అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఇంకెవరో కాదు. ఆడలేక మద్దెల ఓడంటారు గానీ, ఒరేయ్, నీ మద్దెల ఓడయితే ఆడేదాన్ని అంటున్నావే అంది. నవ్వుతూనే అంది. నివేదిక రాసేటప్పుడు కూర్చుని ఆలోచించాను. వణుకు అని రాస్తే ఆమెను లెక్కలో ఉంచాలి, వణికే చేతులు లోకంలో ఇంకా ఉంటాయి కాబట్టి. ఉంచితే అర సెకను పెట్టాలి, మిగతావాళ్ళకు మందకొడిగా ఉంటుంది, అప్పటికే ఆలస్యమైంది, పైవాళ్ళు తొందరపెడుతున్నారు. అజాగ్రత్త అని రాస్తే తీసెయ్యొచ్చు. ఆరో పరీక్షకురాలు, అజాగ్రత్త కారణంగా లెక్కలోంచి తొలగించడమైనది, అని రాశాను. ఒక్క వాక్యం. శుభ్రంగా ఉంది. ఆ నివేదికే పుస్తకంగా వేస్తామన్నారు, వేస్తే పదసూచిక కావాలి, పదసూచిక అంటే ఇంకెవరు, మా అక్కే. పంపించాను. అది చదువుతుందన్న స్పృహ కూడా నాకు లేదు. కాదు. ఉంది. పేజీలు చూస్తుంది గానీ చదవదులే అనుకున్నాను, తానే అంటుంది కదా నా పని కాదని. నన్ను నేను అంత తేలిగ్గా నమ్మించుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను చేసింది. ఏరా మేస్త్రీ అనలేదు. ఖాళీగా ఉన్నావా అంది. పనిలో ఉన్నానక్కా, మెయిల్ పెట్టు అన్నాను. రెండు నిమిషాలు అంది. మెయిల్ పెట్టక్కా చూస్తాగా అన్నాను. సరేలే అంది. ఆ సాయంత్రం మెయిల్ వచ్చింది. తమ్ముడూ, పదసూచిక పూర్తయింది, పంపుతున్నాను. నీకొక మాట చెప్పాలి. ఆ కింద ఖాళీ. ఆ కింద, అక్క. అంతే. చెప్పాలన్న మాట లేదు. ఏదో మరిచిపోయినట్టుంది, రేపు అడుగుదాం అనుకుని పదసూచికను చూడకుండానే ప్రెస్సుకు పంపేశాను. రేపు అడగలేదు, ఎల్లుండీ అడగలేదు. ఆరో రోజు తెల్లవారేసరికి అక్క లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు, ఏమీ తెలిసి ఉండదన్నాడు, అదేదో మాకు ఓదార్పు అయినట్టు.

రెండు నెలలకు పుస్తకం అచ్చయి వచ్చింది. చివరి పేజీలు తిప్పాను, ఆమె చేసిన చివరి పని కదా అని. అ అక్షరం కింద, అజాగ్రత్త, 41. సరే. తర్వాత ఇంకెందుకో వ దాకా వెళ్ళాను. వణుకు, అజాగ్రత్త చూడండి. పుస్తకం మొత్తంలో వణుకు అన్న మాట ఎక్కడా లేదు. లేని మాటకు జాబితాలో చోటిచ్చి, అది ఎక్కడ దాక్కుందో చూపించి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆవిడది, పొరపాటున చేసే మనిషి కాదు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఆ పుస్తకం మూడు కాపీలున్నాయి ఈ గదిలో, మూడూ వీపు గోడకు తిప్పి పెట్టాను.

అప్పుడే మేనకోడలు కంప్యూటరు తెచ్చింది. రికార్డరు ఇంకా దాంట్లోనే నడుస్తోంది, తీసేయడం నాకు గుర్తులేదు. దాంట్లో రెండు ఫైళ్ళు: అక్షరాలు కొట్టిన వేళలు ఒకటి, బాణం దారి ఒకటి. రెండింటినీ నా కంప్యూటరులోకి తెచ్చుకున్నాను. మొదటిది తెరిచాను. ఆ సాయంత్రం, మెయిల్ విండోలో కొన్ని నొక్కుళ్ళు, ఆ తర్వాత రెండువందల పన్నెండు నొక్కుళ్ళు, వాటి పక్కన విండో అన్నచోట, ఏదీ లేదు. ఏదీ లేదు అంటే నేల. చెయ్యి వణికి, బాణం విండోలోంచి పక్కనున్న ఖాళీ నేల మీదికి జారింది, ఆమె తల వంచుకుని ఒంటిచేత్తో కొట్టుకుంటూ పోయింది, నేను గెలిచిన నియమం ప్రకారం ఒక్క అక్షరమూ ఎక్కడా పడలేదు, మళ్ళీ చెయ్యి వణికి బాణం వెనక్కి వచ్చేసరికి అక్క అన్న ఆఖరి మాట మాత్రం పడింది. అలా అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే నియమాన్ని తిరగేశాను. అవసరమై. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. రెండో ఫైలు తెరవలేదు, దాంట్లో ఆమె వణుకంతా గీతలుగా ఉంటుంది, అజాగ్రత్త అని నేను రాసిన వణుకు, అది చూసే ధైర్యం లేదు. మొదటిదానితోనే బతికాను. ఆ వేళలకు సరిగ్గా టక్ టక్ అని శబ్దం చేసే చిన్న ప్రోగ్రాము రాసుకుని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వింటూ ఉంటాను. నూట నలభయ్యో నొక్కుడు తర్వాత పంతొమ్మిది సెకన్ల మౌనం ఉంది. మళ్ళీ మొదలవుతుంది, ఈసారి వేగంగా. ఆ తాళానికి సరిపడే వాక్యాలు ఎన్ని అల్లానో. నువ్వు ఇలా రాస్తావనుకోలేదు. నా చెయ్యి నీకు కనబడలేదా. పోనీలేరా. పోనీలేరా అన్నది సరిపోవాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. ఏదీ సరిపోయేది కాదు, అన్నీ సరిపోయేవి.

మూడు ముప్ఫై ఒకటి. సరే. నిండా మునిగినవాడికి చలేంటి. బాణం పెట్టాను. ఒకటి, రెండు. తెరుచుకుంది.

అంకెలే. ఒక్కో వరసకు రెండు, ఎడమ అంచు నుంచి ఎంత దూరం, పై అంచు నుంచి ఎంత దూరం. అంకెల్ని గీతగా గీయమన్నాను. గీసింది. పసిపిల్ల చేతికి పెన్సిలిచ్చినట్టుంది, ఎక్కడా ఒక్క గీత తిన్నగా లేదు, పుస్తకం విండో నుంచి జాబితా విండోకు వెళ్ళే దారి అంతా అల్లుకుపోయి మందంగా, నల్లగా. ఎంత కష్టపడిందో. ఒక్కో మాట కోసం ఎంత దూరం తిరిగివచ్చిందో. నేను దీన్ని చూసి ఉంటే పావు సెకను పెట్టేవాణ్ణా? పెట్టేవాణ్ణేమో, నేనంత మంచివాణ్ణేమీ కాదు. మెయిల్ రాసిన వేళకు వెళ్ళాను. నీకొక మాట చెప్పాలి, అక్కడ ఆగింది, దాదాపు నిమిషం. తర్వాత బాణం కదిలింది. జారలేదు, కదిలింది. మెయిల్ విండో ఎడమ అంచు దాటి నేల మీదికి వచ్చింది. అక్కడ ఆగి ఉంటే జారిందనేవాణ్ణి. ఆగలేదు. పైకి వెళ్ళింది, పక్కకు కొట్టుకుంటూ, మళ్ళీ సర్దుకుంటూ, పైకి, ఎడమకు, ఇంకా పైకి. తర్వాత ఒక వరస, సున్నా సున్నా. తర్వాతి వరస, సున్నా సున్నా. ఎడమవైపు పైమూల, చిట్టచివరి గడి. కిందికి తిప్పాను. సున్నా సున్నా. సున్నా సున్నా. అక్కడక్కడ మూడు నాలుగు గళ్ళు జారి, వెంటనే మళ్ళీ సున్నా. నాలుగు నిమిషాలు, రెండువేల నాలుగొందల వరసలు. జారిన ప్రతిసారీ వెనక్కి తోసింది. ఆ వణికే చేత్తో నాలుగు నిమిషాలూ మౌసును మూలకు నొక్కిపట్టుకుని, ఎడమచేత్తో రెండువందల పన్నెండుసార్లు కొట్టింది. తర్వాత బాణం నెమ్మదిగా దిగి మెయిల్‌లోకి వచ్చింది, అక్క అని రాసింది, పంపింది.

ఏడుపొచ్చింది. దాచుకోవడానికేముంది, తలుపు వేసే ఉంది, ఏడ్చాను. వెనకాలే కోపమొచ్చింది, అంతకంటే ఎక్కువగా. అక్కా, తిట్టాలంటే ఫోనులో తిట్టొచ్చుగా, ఇంటికొచ్చి నాలుగు పీకొచ్చుగా, మూడేళ్ళు నన్ను ఇలా... అంటూ ఆగాను. ఫోను చేసింది కదా. రెండు నిమిషాలు అడిగింది కదా. నేనే ఇవ్వలేదు. ఆ రెండు నిమిషాలే నాలుగు నిమిషాలుగా తీసుకెళ్ళి, నేను వినని చోటని నేనే కట్టిన చోట ఖర్చుపెట్టింది. అక్కడ కొడితే ఎవరికీ వినబడదని ఆమెకు తెలుసు, నాకంటే బాగా తెలుసు. రికార్డరు నడుస్తోందనీ తెలుసు, అది అక్షరాలు రాసుకోదనీ తెలుసు. ఎప్పుడో ఒకనాడు నేనీ సున్నాలు చూస్తానని కూడా తెలిసే ఉంటుందా? ఏది ఎక్కడుందో చెప్పడం వరకే నా పనిరా. తిట్టిందా, పోనీలే అందా, తన చెయ్యి గురించి, తన భయం గురించి చెప్పుకుందా, ఆ పంతొమ్మిది సెకన్లూ కళ్ళు తుడుచుకుందా, తెలియదు, ఇంక ఎప్పటికీ తెలియదు. నేను పోగొట్టాననుకున్నది ఆమె దాచుకున్నది. ఆ తేడాకు గుండె తేలికవుతుందనుకుంటారు. కాలేదు. పోయినదాన్ని వెతకొచ్చు, మూడేళ్ళు వెతుక్కుంటూ బతికాను. దాచినదాన్ని వెతికే హక్కు నాకు లేదు. పైగా ఆమె పోయిన రెండు నెలలకే, ఆమె కోసమనే ఏడ్చుకుంటూ, ఆమె చెప్పుకున్న ఆ ఒక్క చోటునూ మూసేశాను, ఆమెలా ఎక్కడో కూర్చుని మొగుణ్ణో, తమ్ముణ్ణో తిట్టుకుంటున్న ఎంతమందికో మూసేశాను.

మూడు నలభై ఎనిమిది. లేచి పక్కబల్ల దగ్గర కూర్చున్నాను. బాణం వణుకుతూనే ఉంది. కుడిచేత్తో మౌసు పట్టుకుని పైమూలకు తోశాను, తోసి అలాగే నొక్కిపట్టాను. వణుకు ఆగింది. నిమిషానికే మణికట్టు లాగడం మొదలుపెట్టింది, నా చెయ్యి ఆరోగ్యంగా ఉన్న చెయ్యి. ఎడమచేతి చూపుడువేలితో ఒక్కొక్కటే అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. ఏం కొట్టానో ఇక్కడ రాయను. తెర మీద ఏమీ పడలేదు. మొదట లెక్కపెడదామనుకున్నాను, తర్వాత మరిచిపోయాను. మధ్యలో ఒకసారి ఆగాల్సి వచ్చింది, ఎన్ని సెకన్లో తెలియదు. తలుపు తెరిచిన శబ్దం వినబడలేదు.

“సార్, టైమైంది. రికార్డింగు దొరికిందా?”

“దొరికింది. పెట్టను.”

“ఎందుకు?” అని, నా మొహం చూసి, గొంతు తగ్గించి, “ఇందాకట్నుంచీ టైపు చేస్తున్నారు కదా సార్, స్క్రీను మీద ఏమీ పడలేదే?” అంది.

“పడదమ్మా. ఇది పాతది. ఇక్కడ కొడితే ఎవరికీ వినబడదు.”

“మరి ఎందుకు...” అని మధ్యలోనే ఆపేసింది. ఎనిమిది నెలల్లో ఆ మాటను తను సగంలో మింగడం అదే మొదటిసారి.

మౌసు వదిలాను. వేళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. గోడ వైపు తిరిగి ఉన్న పుస్తకాల్లోంచి ఒకటి తీసి తన చేతికిచ్చాను.

“రాసుకో. మూడేళ్ళ కిందట నేను చేసిన మార్పు వెనక్కి తీసుకుంటున్నాను. నేల మీద ఎవరూ వినకూడదు, నీ వెతుకులాట కూడా వద్దు, దాని మీద నాతో ఎంతసేపైనా పోట్లాడు, కూర్చుంటాను. ఇంకొకటి. నలభై ఒకటో పేజీ తియ్యి. అజాగ్రత్త అని ఉంటుంది. కొట్టేసి వణుకు అని దిద్దు. ఆ పావు సెకను లెక్క మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి, ఈసారి పన్నెండుమందితోనూ.”

తను పేజీ తీసి, నిలబడే చదివింది. ఒకసారి చదివి మళ్ళీ చదివింది.

“ఈ ఆరో ఆవిడ ఎవరు సార్?”

“మా అక్క” అన్నాను.